బ్రేకులో గాలి

అక్క పందెపు కారుకు లైన్‌లాక్ బిగించాను. బ్రేకు తొక్కి దాని మీట నొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోతాయి. వెనుక చక్రాలు మాత్రం పొగలు కక్కుతూ ఉన్నచోటనే తిరుగుతాయి.

"నీ సంసారంలాగే అన్నమాట. తిరుగుడే తప్ప కదలడం లేదు," అని అక్క నవ్వింది. పోయిన పందెంలో గోడను గుద్దుకున్నప్పుడు కట్టిన నడుము పట్టీని ఆమె ఇంకా విప్పలేదు.

కొత్త భాగం బిగించాక బ్రేకు గొట్టంలో గాలి మిగిలితే బ్రేకు పట్టదు. అందుచేత ఆమె పెడల్ తొక్కి పడుతుంటే, నేను కారు కింద పడుకుని మర వదులు చేసి గాలిని బయటికి తీస్తున్నాను.

"తొక్కి పట్టుకో అక్కా... ఇక వదులు."

"ఒరేయ్, నలభైసార్లయింది. కాలు పీకేస్తోంది. ఇంకా ఎంత గాలి ఉందిరా అందులో?"

"ఉందక్కా. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. మళ్ళీ తొక్కు."

"నీ చాదస్తం తగలెయ్య!" అంటూనే తొక్కింది.

బ్రేక్ ఆయిల్ గాజులా లోపలిదంతా కనిపించే సన్నని పైపులోంచి సీసాలోకి జారింది. పదోసారి నుంచీ అందులో ఒక్క బుడగ కూడా లేదు. ఆ మాట చెప్పిన మరుక్షణం అక్క పందేనికి బయలుదేరుతుంది.

"తొక్కి పట్టుకో అక్కా," అన్నాను.