ఒడ్డు వెంట నాలుగు ఊళ్లు

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు కూర్మన్నపాలెంలోని ఇంటికి బిడ్డ పాస్‌పోర్టు వచ్చింది. పన్నెండున్నరకల్లా శ్రీసత్య పూర్ణా మార్కెట్ దగ్గర ఆసిమ్ ట్రావెల్ ఆఫీసులో కూర్చుంది. ఒళ్లో ఐదు నెలల కొడుకు. పక్క కుర్చీలో తల్లి నారాయణమ్మ, ఆమె కాళ్ల దగ్గర పాలసీసాల సంచి.

ఆసిమ్ పాస్‌పోర్టు తెరిచి ఫొటో చూశాడు.

“ఏటమ్మా, మీవోడు పోలీసోడిలాగ చూస్తన్నాడు.”

“కళ్లు తెరిచుంటేగాని ఒప్పుకోమన్నారు భాయ్. అమ్మ గంటసేపు గిలక్కాయ ఊపింది.”

“ఇంతకీ ఎక్కడికి?”

“శ్రీలంక. కొలంబోలో దిగి, సముద్రం ఒడ్డు రోడ్డు పట్టుకుని కిందకి. గాలె, మాతర, తంగల్ల, హంబన్‌తోట. తక్కువలో అయిపోవాలి. ఈ నెల ముప్పైలోపు నాలుగు ఊళ్లూ తిరిగీయాలి.”

గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు పంతొమ్మిది.

“పాలపిల్లోడితో రోడ్డు ట్రిప్పా? మావోళ్లు మక్కా ఉమ్రాకే పిల్లల్ని ఒగ్గీసి ఎల్తారు.”

“వీళ్ల నాన్న కోసం భాయ్. ఆయనది ఓడ పని.”

ఆసిమ్‌కు ఇక చెప్పనక్కరలేకపోయింది. ఓడ ఫలానా రేవులో ఆగుతుందని కబురొస్తే భార్యలు పిల్లలను తీసుకుని అక్కడికి వెళతారు. రెండు రోజులుండి వస్తారు. అలాంటి టికెట్లు అతను నెలకు రెండు మూడు తీస్తాడు.

“ముందే సెప్పొద్దేటమ్మా. ఏ రేవు?”

“అదే తెలీదు. నాలుగింట్లో ఎక్కడో ఒకచోట.”

“మాతరలో, తంగల్లలో ఓడలు కట్టవు గదా.”

“కంపెనీ ఉత్తరంలో ఆ పేర్లే ఉన్నాయి.”

“కంపెనీవోళ్లు ఏనాడు సరిగ్గా సెప్పారు గనక. లాంచీలో తెచ్చి దింపుతారేమోలే. ముప్పై దాటితే?”

“ముప్పై దాటితే ఉంచరంట.”

నారాయణమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుంది.

“బిడ్డని నాకు ఒగ్గీసి నువ్వెళ్లే, సత్యా. ఆ ఎండల్లో గుంటడేటైపోతాడు?”

“నానొక్కదాన్ని ఎళ్లి ఏటి సేత్తానమ్మా? వీడే రావాలి.”

“నాకు మనసొప్పటం లేదే.”

“ఆయనకి అమ్మా నాన్నా ఉంటే వాళ్లే ఎళ్దురు. హాస్టల్లో పెరిగినోడు. నా అన్నవాళ్లు వీడు తప్ప ఎవరున్నారమ్మా?”

ఆసిమ్ కలగజేసుకున్నాడు. “పెద్దమ్మా, తండ్రి దగ్గిరికి బిడ్డని పంపనంటే ఎలాగ?”

నారాయణమ్మ వంగి మనవడి జారిన మేజోడు పైకి లాగింది.

పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు నాగవంశీ. ఆసిమ్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ అడిగాడు.

“ఈడిని సూళ్లేదా ఇంకా?”

“ఆయన ఓడెక్కాక పుట్టాడు. ఫోన్లోనే చూశాడు.”

ఆమె తన ఫోన్ తెరిచి చూపించింది. డెక్ మీద నారింజ రంగు డ్రెస్సులో ఒక మనిషి, చేతిలో హెల్మెట్. ఆసిమ్ ఫోన్‌ను బిడ్డ మొహం పక్కన పెట్టి చూశాడు.

“అచ్చు తండ్రే. ఆ సెవులు సూడు. పాస్‌పోర్టు ఎందుకమ్మా, ఈడి మొహం సూపిస్తే సాలు, తండ్రి ఎవరో ఆళ్లే సెప్పీగలరు.”

నారాయణమ్మ లేచి బయటకు వెళ్లి మెట్ల మీద నిలబడింది. “ఉక్కగా ఉన్నట్టుంది ఆవిడికి,” అని ఆసిమ్ ఫ్యాను స్పీడు పెంచాడు.

తెల్లకాగితం మీద గీత గీసి నాలుగు చుక్కలు పెట్టాడు. బస్సు చవక, కానీ బిడ్డతో ఎక్కి దిగడం కష్టం. కారు ఆమెకు అందదు. డ్రైవరుతో సహా ఆటో నాలుగు రోజులకు మాట్లాడితే కారు ఖర్చులో సగం. ఆమె ఆటోకు ఒప్పుకుంది.

“దారిలో తిమింగలాల్ని సూపిస్తారు. ఒక పూట ఆగితే...”

“వద్దు భాయ్. ఏ ఊరైనా పొద్దున్న తొమ్మిదికల్లా ఉండాలి. నాలుగు దాటితే తలుపు తియ్యరంట.”

“పోర్టు గేట్లన్నీ అంతే. గదుల సంగతి? సముద్రం కనబడే గదికి రెండొందలే ఎక్కువ.”

“కనబడని గది చూడండి.”

“వైజాగోళ్లకి సముద్రం మొహం మొత్తిపోయినట్టుంది,” అని ఆసిమ్ నవ్వాడు.

శ్రీసత్య బిడ్డ మూతి తుడిచింది.

“రిటర్న్ ముగ్గురికా?”

“మా ఇద్దరికే. ఆయన్ని తేవడం కంపెనీ చూసుకుంటుందంట.”

“కాంట్రాక్టు అయిపోయిందన్నమాట. మంచిదే. ఇంక కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉంటాడు.”

వీసా ఫారం సగం నిండింది. ఆసిమ్ ఒక గడి దగ్గర ఆగాడు.

“ప్రయాణానికి కారణం అడుగుతన్నాడు. భర్తని కలవడానికి అని రాసీనా?”

శ్రీసత్య సంచిలో డైపర్ల కింద నుంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

“అందులో ఉన్నట్టు రాయండి భాయ్.”

బిడ్డ కవరు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఆ పిడికిలిని తన చేతిలోకి తీసుకుంది. ఆసిమ్ కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం చదివాడు. రెండోసారి చదివాడు. కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

ఓడ మునిగాక ఆ నాలుగు ఊళ్ల ఒడ్డుకు కొట్టుకొచ్చి, అక్కడి ఆసుపత్రుల్లో ఉంచిన శవాలతో పోల్చడానికి బిడ్డ రక్తం కావాలని అందులో ఉంది.