పదును పట్టని చీలలు

రుక్కమ్మ చేటలో బొగ్గుపొడి చెరుగుతోంది. రాళ్లు ఏరి పారేసి, మెత్తటి పొడిని కుండలోకి దులుపుతోంది. ఈసారి చీలలు చెడితే తన కాపురం చెడినట్టే.

తాండూరు బండల గనిలో ట్రాలీ చక్రాలకు దిగ్గొట్టే ఇనుప చీలలు వాళ్ల కొలిమివే. బొగ్గుపొడి, పశువుల కొమ్ములపొడి కలిపి, అందులో పూడ్చి కాల్చి నీళ్లలో ముంచితే చీల పైపొర గట్టిపడాలి. అప్పుడే అది బిగిసి కూర్చుంటుంది. ఈమధ్య అరిగి, వదులై ఊడిపోతున్నాయి.

నీళ్లు మార్చారు. బొగ్గు మార్చారు. చివరికి ఆమె భర్త ఈరయ్య, తప్పంతా తిత్తి ఊదే చేతిదేనన్నాడు. ఆ చెయ్యి రుక్కమ్మది. ఇంకోసారి చీలలు గని నుంచి వాపసొస్తే యాలాల్‌లోని పుట్టింటికి పంపేస్తానన్నాడు. వికారాబాద్ మల్లప్ప తన కొలిమినీ, ఒక్కగానొక్క బిడ్డనూ కలిపి ఈరయ్యకు ఇస్తానంటున్నాడని ఊళ్లో గుసగుస.

అడ్డుపడేవాడు మామ నర్సప్ప ఒక్కడే.

"తిత్తి ఊదితె గాలొస్తది. మెత్తదనమెట్లొస్తదిరా?" అనేవాడు కొడుకుతో.

పోయినసారి రుక్కమ్మ ప్రతి చీలనూ ఇనుమును అరగదీసే ఆకురాయితో గీసి చూసింది. ఆకురాయి జారింది. పైపొర గట్టిదే. ఎవరూ చూడకుండా ఒక్కోదాని తలకింద సన్నని గాటు పెట్టింది. ఈరయ్య సంచిని గనికి మోసుకెళ్లాడు. వాపసొచ్చిన చీలలను ఆకురాయి కొరికేసింది. ఒక్కదానికీ గాటు లేదు.

దారిలో మార్చేస్తున్నాడు.

ఈరయ్య లేనప్పుడు చీల తెచ్చి మామకు చూపించింది. నర్సప్ప దాన్ని వెలుగులో చాలాసేపు తిప్పాడు.

"ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు మామా. నీకే చెప్తున్న."

"చెప్పకు బిడ్డా. మళ్ల గాటు పెట్టు. మేస్త్రీ ముంగటనే వాణ్ణి పట్టుకుందం."

రుక్కమ్మకు కళ్లు చెమ్మగిల్లాయి. కన్నతండ్రైనా అంత మాట అనేవాడో లేదో.

ఈసారీ అన్నీ గీసి చూసింది. అన్నిటికీ గాటు పెట్టింది. ఈరయ్య తీసుకెళ్లాడు.

మర్నాడు గని మేస్త్రీ ముర్తుజా వచ్చి సంచిని వాకిట్లో గుమ్మరించాడు. వీటికన్నా బెల్లంగడ్డే గట్టిగా ఉంటుందన్నాడు. ఈరయ్య భార్య వైపు కొరకొరా చూశాడు.

రుక్కమ్మ బెదరలేదు. ఆకురాయి పట్టుకుని చీలల ముందు కూర్చుంది.

"చూడు బిడ్డా, నిమ్మళంగ చూడు" అన్నాడు నర్సప్ప.

ఆకురాయి కొరికిన ప్రతి చీల మీదా, మామకు తప్ప ఎవరికీ చెప్పని ఆ గాటు ఉంది. రుక్కమ్మ ఒక చీలను తీసి మామ చేతిలో పెట్టి, వాకిలి దాటి వెళ్లిపోయింది.