ఆగిన గడియారానికి ఎన్ని మార్కులు?

“ఆధారం ఏదీ?” అన్నాడు మాస్టారు, ఎర్రసిరా పెన్ను పైకెత్తి.

తొమ్మిదో తరగతి చదివే కూతురు నాలుక కరుచుకుంది. కథలో గడియారాలు బాగుచేసే మనిషి మంచివాడేనని వ్యాసంలో రాసింది గానీ, అందుకు కథలోంచి ఒక్క వాక్యమూ చూపలేదు. ముందు నీ అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పు, తర్వాత ఆధారం చూపించు, ఆపైన అది ఆధారం ఎలా అయిందో విడమరిచి చెప్పు. పాతికేళ్లుగా బడిలో ఆయన పాడుతున్న పాట ఇదే. మార్కుల దగ్గర మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలడు. సొంత కూతురికే పోయినసారి పదికి నాలుగు వేశాడు. ఈసారి ఎలాగైనా ఆయన నోట ‘బాగుంది’ అనిపించాలని ఆ పిల్ల పొద్దుటి నుంచీ బల్ల వదల్లేదు.

కథ టైపు చేసిన నాలుగు కాగితాలు. రచయిత పేరు లేదు. తెలిస్తే పేరుకే మార్కులు పడతాయని దాచారని కూతురు చెప్పింది. ఆ పద్ధతి మాస్టారికి తెగ నచ్చింది.

కథ కూడా చిన్నదే. ఊరందరి గడియారాలూ బాగుచేసే ఒకాయన ఇంట్లో గోడగడియారం నాలుగేళ్లుగా ఆగిపోయి ఉంటుంది. చివరికి భార్య దాన్ని పక్కింటావిడ చేతికిచ్చి అతని కొట్టుకే పంపుతుంది. అతను తనదని పోల్చుకోకుండానే బాగుచేసి, ఎంత మంచి గడియారమో అని మురిసిపోతాడు.

“సొంత గడియారాన్ని గుర్తుపట్టని వెర్రిబాగులవాడు ఎక్కడైనా ఉంటాడా నాన్నా?” అంది కూతురు, పెన్ను కొరుకుతూ.

“ఉండకేం,” అంది వంటింట్లోంచి తల్లి.

మాస్టారు నవ్వాడు. దీపం కింద చీకటంటే ఇదేనని, వ్యాసం ఆ మాటతోనే మొదలుపెట్టమని చెప్పాడు. కాసేపటికి ఆయనకు పూనకం వచ్చినట్టయింది. కుర్చీలోంచి లేచి గదంతా తిరుగుతూ ఒక్కొక్క వాక్యమే పైకి చదివి, ఇదిగో ఆధారం, ఇదిగో ఇంకొకటి అంటూ బల్ల గుద్దాడు. టీ చల్లారిపోయింది. కూతురికి నవ్వాగడం లేదు.

“అయినా నాలుగేళ్లపాటు భార్య నోరు విప్పి అడగలేదేం?” అన్నాడు ఉన్నట్టుండి. “అదొక్కటే లోపం.”

“అడిగే ఉంటుందండీ,” అంది తల్లి గుమ్మంలోకి వచ్చి, చేతిలో గరిటెతో. “సెలవుల్లో చూస్తానని ఉంటాడు.”

“గడియారాల కొట్టుకు సెలవులేమిటి? కథలో లేనివి కల్పించకు.”

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కూతురు దగ్గు తెచ్చుకుని తల వంచుకుంది.

వ్యాసం పూర్తయింది. మాస్టారు రెండుసార్లు చదివి, ముగింపు తొందరపడి రాశావని కసిరి, ఆరు వేశాడు. తర్వాత కథ కాగితాలు చేతిలోకి తీసుకుని ఆఖరి పేజీ మళ్లీ చదివాడు. కథకు మార్కులు వెయ్యమని ఎవరూ అడగలేదు. అయినా ఎర్రపెన్ను తనంతట తానే కదిలి, అడుగున పదికి తొమ్మిది వేసింది. పక్కన ‘చెయ్యి తిరిగిన రచన’ అని కూడా రాసింది.

కూతురు ఎగిరి గంతేసింది. తండ్రి మెడ పట్టుకుని ఊపేసింది. ఆయన కళ్లజోడు జారి ఒళ్లో పడింది.

“ఆరు మార్కులకే ఇంత సంబరమా?” అన్నాడు మాస్టారు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, ఆయనకూ హాయిగానే ఉంది.

ఆ పిల్ల తన వ్యాసాన్ని బల్ల మీదే వదిలేసి, కథ కాగితాలు లాక్కుని వంటింట్లోకి పరుగెత్తింది.

“అమ్మా, నీ కథకు తొమ్మిదొచ్చాయి.”