ముందు బెంచీ

“అమ్మా, లేవండి! ముందు బెంచీలో కూర్చోమని మీకెవరు చెప్పారు?”

చరిత్ర శాఖ ప్రొఫెసరుకు అప్పటికే ఓపిక నశించింది. అవతల విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఇచ్చే కమిటీ వాళ్ళు లైబ్రరీ దాటి ఇటే వస్తున్నారు. క్లాసు ఖాళీగా కనబడిందా, శాఖ మూసేస్తారు. జీవితమంతా పాఠం చెప్పినవాణ్ణి తీసుకెళ్ళి పరీక్షల విభాగంలో కవర్లు అంటించమంటారు. ఆ తలపుకే ఆయనకు ఏడుపొస్తోంది. అందుకే అటెండరు కాళ్ళావేళ్ళా పడి, పక్క వీధి కోచింగ్ సెంటరు పిల్లల్ని ఒక్క పూటకు పట్టుకొచ్చాడు. అందరికీ ఒకటే పాఠం: ఎవరేమడిగినా “ఇక్కడే చదువుతున్నా సార్” అనాలి.

పిల్లల మధ్య ఈ జుట్టు నెరిసినావిడను కూడా ఎక్కణ్ణుంచి తెచ్చాడో మహానుభావుడు! అడుగుదామంటే మెట్ల దగ్గర కాపలాలో ఉన్నాడు.

“నేను ఇక్కడే చదువుతున్నా సార్,” అంది ఆవిడ లేచి నిలబడి.

“బాగానే కంఠతా పట్టారు. నాకెందుకమ్మా అప్పజెప్పడం? మీ వయసుకి ఆ మాట నప్పదు. చూడగానే మా గుట్టు రట్టవుతుంది.”

“అది కాదు సార్, నేను రోజూ వచ్చి...”

“రోజూ అక్కర్లేదు తల్లీ, ఇవాళొక్క పూటకే! అదీ మీరు వద్దు.”

“నిజంగానే వెళ్ళిపోమంటారా?”

“దణ్ణం పెడతాను, వెళ్ళండి.”

ఆవిడ ఒకసారి నల్లబల్ల వంక చూసి, చేతిసంచి తీసుకుని తలొంచుకుని వెళ్ళిపోయింది.

ఆయన సుద్దముక్క అందుకున్నాడు. ఈ ఏడాది మొదలైనప్పటి నుంచీ కమిటీకి చూపించాల్సిన ఫైళ్ళు కట్టడంతోనే సరిపోయింది. ఈ గది తాళం తీసిందే ఇవాళ.

కమిటీ అధ్యక్షురాలు లోపలికొచ్చి, వెనకనున్న కుర్రాణ్ణి అడిగింది.

“ఏం బాబూ, ఏ పాఠం జరుగుతోంది?”

“ఇక్కడే చదువుతున్నా సార్!”

పక్క పిల్లనడిగింది. “ఇక్కడే చదువుతున్నా సార్!”

ప్రొఫెసరుకు గుండె జారిపోయింది. అధ్యక్షురాలు మాత్రం కోప్పడలేదు. ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

“మాస్టారూ, ఈ నాటకాలు మాకు కొత్త కాదు. మీ శాఖ మూయించాలని నాకూ లేదు. కొత్తగా ఒక్కరు చేరినా వచ్చే ఏడు దాకా గడువివ్వచ్చు. ఒకరు చేరినట్టు మీ ఆఫీసు వాళ్ళే చెప్పారు. ఆ ఒక్కరినీ నా కళ్ళకు చూపించండి, చాలు.”

ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చేరికలన్నీ ఆఫీసు చూసుకుంటుంది. ఆ చేరినవాళ్ళెవరని ఆయన ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. అటెండర్ని కేకేశాడు.

“ఆఫీసుకి పరిగెత్తు! మన శాఖలో చేరింది పిల్లాడో పిల్లో, ఎక్కడున్నా రెక్క పట్టుకుని లాక్కురా!”

అటెండరు రొప్పుతూ తిరిగొచ్చాడు, ఒక్కడే.

“ఏరీ?”

“ఇప్పుడే సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారట సార్.”

“అదేమిటి? ఎందుకు?”

అటెండరు ఆయన మొహంలోకి చూడలేక నేల చూపులు చూశాడు.

“ఇందాక ముందు బెంచీలో కూర్చుంటే... మీరే దణ్ణం పెట్టి పంపించేశారట సార్.”