పక్కింటి గట్టు

"చెయ్యి మీద కొట్టావంటే రేపు నా చేపల తట్ట నువ్వే మొయ్యాలి అన్నయ్యా!" సరుగుడు గుంజను నిలబెట్టి పట్టుకుంటూ నవ్వింది పక్కింటి లోవలక్ష్మి.

భీమరాజు నవ్వలేదు. సమ్మెటతో గుంజను గట్టులోకి దిగ్గొడుతున్నాడు. మొన్నటి వరదకి గోదారి అతని పెరటిని వంటింటి దాకా కోసేసింది. గుంజల వెనక కూతురు హరిచందన ఇసుక బస్తాలు పేరుస్తోంది.

"మా గట్టుకెప్పుడు వేద్దాం గుంజలు?" అడిగింది లోవలక్ష్మి.

"వచ్చే ఏడు చూద్దాంలే."

హరిచందన చేతిలోని ఖాళీ సంచి జారి నీళ్లలో పడింది. గుంజల వరుసకి తగిలి, పక్కకి తిరిగి, లోవలక్ష్మి పెరటి గట్టు కిందికి వడిగా దూరిపోయింది. అక్కడో మట్టి పెళ్ల విరిగి నీళ్లలో పడింది.

ఆ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్లి మెల్లగా అంది. "నాన్నా, మన గుంజలకి తగిలి నీళ్లు అత్త వాళ్ల గట్టుని కొడుతున్నాయి."

భీమరాజు అటు తిరిగైనా చూడలేదు.

"తెలుసు. నువ్వు బస్తా అందుకో."

హరిచందన కదల్లేదు. లోవలక్ష్మి గుంజ వదల్లేదు.

"నాకూ తెలుసే పిచ్చిదానా. ఇద్దరికీ సరిపడా గుంజలేవీ? మా ఇల్లు పడిపోయిన రోజు మీ అరుగు మీదికే కదా నేనొచ్చేది. అదన్నా నిలబడాలి. కొట్టు అన్నయ్యా."

భీమరాజు ఎత్తిన సమ్మెట దించలేకపోయాడు.