కెమెరా తెరవని చిన్ని

చిన్ని పంపిన హోంవర్కు చదవగానే జ్యోతిర్మయి లేచి వెళ్ళి గది తలుపుకి గడియ పెట్టింది.

పటమటలో తమ ఇంటి వెనకగదిలో కూర్చుని, మధ్యాహ్నాలు ఆన్‌లైన్‌లో జావాస్క్రిప్ట్ ప్రోగ్రామింగ్ నేర్పుతుంది ఆమె. ఆ వారమే ఆబ్జెక్టులు మొదలుపెట్టింది.

“ఒక మనిషి వివరాలన్నీ ఒకే మూటలో కట్టి, ఆ మూటకో పేరు పెట్టండి. అదే ఆబ్జెక్టు. లోపలున్న ఒక్కో వివరం ఒక్కో ప్రాపర్టీ. ఆ మనిషి చేసే పని మెథడ్. అర్థం కాకపోతే అడగండి, మళ్ళీ చెబుతాను” అని, తెలిసిన మనిషినెవరినైనా ఆబ్జెక్టుగా రాసి పంపమంది.

అందరూ స్నేహితులనో, క్రికెటర్లనో రాశారు. చిన్ని రాసిన ఆబ్జెక్టు పేరు ‘మేడమ్’.

చీర, కనకాంబరం రంగు. మణికట్టు, కాలింది. భోజనం, సగం వదిలేసింది. చివర ‘నవ్వు’ అని ఒక మెథడ్. క్లాసులో ఉంటే నవ్వుతుంది. క్లాసు అయిపోతే పనిచెయ్యదు.

ఒక్క కామా కూడా తప్పు పోలేదు.

జ్యోతిర్మయి మణికట్టు చూసుకుంది. పొద్దున దోసె పెనం తగిలి కాలింది. కెమెరాలో ఆమె మెడ దాకానే కనిపిస్తుంది. కాలిన సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

చిన్ని ఎప్పుడూ కెమెరా తెరవలేదు. మైకూ తెరవలేదు. సందేహాలన్నీ చాట్‌లో టైపు చెయ్యడమే. అందరికంటే ఎక్కువ సందేహాలూ అక్కణ్ణించే. చేరేటప్పుడు ఇచ్చిన వివరాలు వెతికి చూసింది. పేరు చిన్ని, ఊరు పామర్రు. అంతే.

పామర్రు ఆమె భర్త ఉమామహేశ్ సొంతూరు.

‘క్లాసులో నవ్వినంత ఇంట్లో నవ్వవేం?’ అని అతను మొన్ననే అన్నాడు. ఒకరోజు పాఠం మధ్యలో లేచి తలుపు తీస్తే గుమ్మంలో నిలబడి ఉన్నాడు కూడా. ఛార్జర్ కోసం వచ్చానన్నాడు. ఛార్జర్ హాల్లోనే ఉంది.

సాయంత్రం అతను కంకిపాడు ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటేనే అడిగేసింది.

“చిన్ని ఎవరండీ?”

“ఏ చిన్ని?”

“మీ పామర్రు చిన్ని. నన్ను కనిపెట్టుకుని ఉండాలంటే ఎదురుగా కూర్చుని చూడండి. ఈ దొంగచాటు పనులెందుకు?”

ఉమామహేశ్ తువ్వాలు భుజాన వేసుకుని ఆమె ముఖంలోకి చూశాడు. “నువ్వేం మాట్లాడుతున్నావో నాకు తెలీడంలేదు జ్యోతీ.”

మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చిన అత్తగారు సంపూర్ణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఏంటమ్మా గొడవ?”

“ఏం లేదత్తయ్యా. క్లాసు సంగతి. మీకు అర్థం కాదులెండి.”

ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఉమామహేశ్‌కి కోపం వచ్చింది. “రేపు సెలవు పెడతా. నీ క్లాసు అయ్యేదాకా నీ ఎదురుగానే కూర్చుంటా. నా ఫోన్ నీ దగ్గరే పెట్టుకో. సరేనా?”

సరేనంది.

మర్నాడు అన్నట్టే కుర్చీ వేసుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఫోన్ తీసి లాప్‌టాప్ పక్కన పెట్టాడు. ఇవాళ చిన్ని రాకూడదనే కోరుకుంది జ్యోతిర్మయి. వస్తే భర్త కాడు, రాకపోతే భర్తే. ఏది నయమో ఆమెకే తెలియలేదు.

క్లాసు మొదలైన కాసేపటికి చిన్ని పేరు కనిపించింది.

“ఆబ్జెక్టులో లేని ప్రాపర్టీని అడిగితే ఏమొస్తుంది?” అంది జ్యోతిర్మయి.

చాట్‌లో అందరికంటే ముందు చిన్ని జవాబు వచ్చింది. ‘అన్‌డిఫైన్డ్, అంటే అక్కడేమీ లేదు అని వస్తుంది మేడమ్. తప్పని చూపించదు.’ వెంటనే ఇంకొకటి. ‘లేనిదాన్ని తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చా?’

ఉమామహేశ్ చేతులు కట్టుకుని కూర్చునే ఉన్నాడు.

అతను కాదు. మరెవరు? ఎదురింటి బాల్కనీ గుర్తొచ్చింది. మైక్ మ్యూట్ చేసి, లేచి కిటికీ రెక్కలు గట్టిగా లాగి మూసింది. తిరిగొచ్చి కూర్చునేసరికి చాట్‌లో మెసేజ్ ఉంది.

‘కిటికీ ఎందుకు మూశారు మేడమ్? ఉక్కపోస్తుంది.’

ఆమె వేలు తెరమీద ఆనించి భర్తకు చూపించింది. ఉమామహేశ్ వంగి చదివాడు. లేచి కిటికీ సందులోంచి బయటకు చూశాడు. ఎదురు బాల్కనీలో ఆరేసిన బట్టలు తప్ప ఎవరూ లేరు.

“ఎవడైనా కెమెరా గాని పెట్టాడేమో. పోలీసులకు చెబుదాం. ముందు క్లాసులోంచి తీసెయ్” అన్నాడు గొంతు తగ్గించి.

జ్యోతిర్మయి మైక్ ఆన్ చేసింది.

“చిన్నీ, మీరెవరో నాకిప్పుడే తెలియాలి. మైక్ ఆన్ చేసి మాట్లాడండి. లేదంటే బ్యాచ్‌లోంచి తీసేస్తాను. మళ్ళీ చేరనివ్వను.”

చిన్ని పేరు పక్కన, మైక్ మూసి ఉందని చెప్పే ఎర్ర గుర్తు అలాగే ఉంది. తీసేయడానికి ఆమె బాణం గుర్తును పేరు మీదికి జరిపింది. అప్పుడు ఎరుపు పోయింది. ముందు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

“తీసెయ్యకమ్మా జ్యోతీ, ఇక్కడైతే ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా చెబుతావు” అన్న అత్తగారి గొంతు, లాప్‌టాప్‌లోంచీ పక్కగదిలోంచీ ఒకేసారి వినిపించింది.