తూర్పు గోడ

“మళ్లీ మొదలెట్టాడండి, రామతులసి గారూ,” అంది వంటమనిషి అప్పాయమ్మ. “ఈ మనిషితో వేగలేం. దొరికిన ఆ బస్టాండులోనే దింపేసొద్దాం.”

కాకినాడ రోడ్ల మీద తిరిగే మతిస్థిమితం లేనివాళ్లని చేరదీసే ఆశ్రమం అది. మధ్యాహ్నం ముసురు పట్టగానే, పడుకున్నవాళ్లని మంచాలతో సహా పడమటి గోడ వైపు ఈడ్చేస్తున్నాడు బుల్లియ్య. ఒకాయన ఏడుస్తున్నాడు, ఇంకొకాయన తిడుతున్నాడు.

ఆశ్రమం నడిపే రామతులసి నిద్రమాత్ర పట్టుకొచ్చింది.

“సముద్రం ఇంతదూరం రాదు, బుల్లియ్యా.”

“ఉప్పాడలోనూ అదే అన్నారండి. మా ఇల్లు సముద్రంలో పోయింది.”

సముద్రం వైపున్న తూర్పు గోడ దగ్గర ఒక్క మంచమే మిగిలింది. అది బుల్లియ్యది.

“మరి నీది లాగలేదేం?”

“ఎవరో ఒకరు అక్కడ మేలుకుని ఉండాలి కదండి, నీళ్లొస్తే కేకెయ్యడానికి.”

ఆమె మాత్రని కొంగున ముడేసుకుంది. చెప్పులు విడిచి ఆ మంచం మీద కూర్చుంది.

“ఇవాళ నేను కాపలా ఉంటాను. నువ్వు అటెళ్లి పడుకో.”

బుల్లియ్య ఆమెని ఎగాదిగా చూశాడు.

“నీళ్లొస్తే ముందు కేకేస్తారా, పరిగెడతారా?”

“కేకేస్తాను.”

“అందరూ అలాగే అంటారండి.”

ఆమె విడిచిన చెప్పులు తీసుకెళ్లి, తల కింద పెట్టుకుని, పడమటి గోడవారన పడుకున్నాడు బుల్లియ్య.